ఆ గొట్టానికి లెక్క ఎవరు కట్టారు?

కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే వాళ్ల దగ్గర సివిల్ ఇంజనీరింగ్ పుస్తకాలకు ఎప్పుడూ కరువు లేదు. దుగ్గల్, సుబ్రమణియన్, పున్మియా, స్టీల్ టేబుల్స్, అట్టలూడిన గేట్ గైడ్లు. మొన్నామధ్య అక్కడ నాకు ఐఎస్ 800, ఐఎస్ 801 జిరాక్స్ ప్రతులు రెండూ కలిపి కుట్టిన కట్ట ఒకటి దొరికింది. మొదటిది మామూలు ఉక్కు కట్టడాల కోడు, 2007 నాటిది. రెండోది పలుచని రేకును మడిచి చేసే ఉక్కు సెక్షన్ల కోడు, 1975 నాటిది. అంటే ఎమర్జెన్సీ పెట్టిన ఏడాదిది. ఆ కట్టను చంకన పెట్టుకుని ట్రూప్ బజార్ వైపు నడిచాను. ఒక హార్డ్‌వేర్ షాపు ముందు ఇరవై అడుగుల స్టెయిన్‌లెస్ గొట్టాలు ప్లాస్టిక్ తొడుగుల్లో తళతళలాడుతూ నిలబెట్టి ఉన్నాయి.

"బాల్కనీ రెయిలింగ్‌కు నిలువు గొట్టంగా ఇది ఎంత బరువు ఆపుతుంది?" అని అడిగాను.

"సార్, గేజ్ ఎంత కావాలె చెప్పుండ్రి. పద్దెనిమిదా, ఇరవయ్యా?"

మళ్లీ అదే అడిగాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. "ఇది స్టీలు సార్. ఇనుము గాదు. ఏం గాదు."

ఆ "ఏం గాదు" మీదే ఈ వ్యాసం. ఆ షాపతని మీద నాకు కోపం లేదు. అతను ఈ నగరమంతా నమ్ముతున్న మాటే చెప్పాడు. నా కోపం ఆ మాటను అబద్ధమని చెప్పాల్సిన చదువు మీద, చెప్పించాల్సిన చట్టం మీద, చెప్పగలిగీ నోరు విప్పని నా వృత్తి మీద.

మన ఇళ్లలో స్టీలంటే స్టెయిన్‌లెస్ స్టీలే. పాత చీరలు ఇచ్చి గిన్నెలు తీసుకున్న రోజుల నుంచీ, పెళ్లిలో ఇచ్చిన బిందె మీద పేరు చెక్కించిన రోజుల నుంచీ అంతే. తుప్పు పట్టేది ఇనుము, పట్టనిది స్టీలు. తుప్పు పట్టనిది కాబట్టి గట్టిది. ఈ చివరి ముక్క ఎక్కడి నుంచి వచ్చి చేరిందో కానీ, ప్రాణాల మీదికి తెచ్చేది అదే. మనం "ఇనుము" అని తీసిపారేసే మామూలు నిర్మాణపు ఉక్కు, ఈ250 రకం, చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దాకా లొంగదు. బజారులో గొప్పగా చెప్పుకునే 304 రకం స్టెయిన్‌లెస్‌కు డిజైనులో లెక్కపెట్టే హద్దు 205 దగ్గరే ఉంది. తెగడానికి మాత్రం అది చాలా ఎక్కువ తీసుకుంటుంది, 515 దాకా. కానీ తెగేలోపు బాగా సాగుతుంది, వంగుతుంది. మూడో అంతస్తులో రెయిలింగ్ తెగినా, బయటికి వంగి మనిషిని జార్చేసినా కిందపడే వాడికి తేడా ఏముంది?

నేను ముప్పై ఏళ్లకు పైగా స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేసి చిక్కడపల్లిలో స్థిరపడ్డాను. సాయంత్రం నడకకు అశోక్ నగర్ సందుల్లోకి వెళ్తాను. ఒకప్పుడు రెండు కుటుంబాలుండే మేడలు ఇప్పుడు హాస్టళ్లు. గదికి ముగ్గురు, నలుగురు. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు, ఇంజనీరింగ్ ఉద్యోగాలకు చదివే పిల్లలు. గదిలో గాలాడదు కనుక బాల్కనీలోనే చదువు, ఫోను, టీ. రెయిలింగ్‌కు చేరగిలబడి కూర్చుంటారు, దాని మీదే తడి దుప్పట్లు ఆరేస్తారు. అలాంటి ఒక హాస్టల్లో నాకు తెలిసిన కుర్రవాడున్నాడు. బీటెక్ సివిల్ చేసి ఏఈఈ పరీక్షకు చదువుతున్నాడు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, రాత్రి ఆ బాల్కనీలో. ఒకరోజు అతని గదికి వెళ్లి, అలవాటు కొద్దీ రెయిలింగ్ పైకమ్మీని అరచేత్తో నెట్టాను. అంగుళం కదిలింది. నిలువు గొట్టం అడుగున మెరిసే గిన్నెలాంటి మూత ఉంటుంది కదా, దాన్ని పైకి లాగాను. గ్రానైటు పలకలోకి దిగిన రెండు స్క్రూలు కనిపించాయి. ఒకటి వదులుగా ఉంది.

"అంకుల్, అట్ల ఊపకండి, ఊడిపోతది," అన్నాడు కుర్రవాడు.

"నీకు ఐఎస్ 800 వచ్చు కదా. దీనికి లెక్క కట్టు," అన్నాను.

అతను నిజంగా తెల్లబోయాడు. నాలుగేళ్ల డిగ్రీలో, రెండేళ్ల కోచింగ్‌లో కళ్లముందున్న వస్తువుకు లెక్క కట్టమని అతన్ని ఎవరూ అడగలేదు. కానీ కాగితం ఇవ్వగానే పది నిమిషాల్లో కట్టాడు. ఆ లెక్క పాఠకులకూ చెబుతాను. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, అర్థమవుతుంది.

రెయిలింగ్‌ను మనుషులు పక్కకు నెట్టే బరువు ఎంతని తీసుకోవాలో ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. సొంత ఇంటి బాల్కనీకి మీటరు పొడవుకు 0.35 కిలోన్యూటన్లు, అంటే సుమారు 36 కిలోలు. సొంత ఇల్లు కాని మిగతా మెట్లకు, బాల్కనీలకు 0.75, అంటే 76 కిలోలు. సినిమా హాళ్లు, బడులు, జనం కిక్కిరిసే చోట్లకు 2.25, అంటే దాదాపు 230 కిలోలు. కుర్రవాడి బాల్కనీలో రెండంగుళాల గొట్టాలు. పద్దెనిమిది గేజ్, అంటే గోడ మందం 1.2 మిల్లీమీటర్లు. ఎత్తు మీటరు, గొట్టానికీ గొట్టానికీ మధ్య నాలుగడుగులు. ఆ మేడ ఇల్లుగా ఉన్నప్పుడు ఒక్కో గొట్టం అడుగున పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 185 న్యూటన్లు. 205కు కిందే ఉందని సంతోషించేలోపే, కోడు అడిగే ఒకటిన్నర రెట్ల భద్రత కలిపితే 278 అవుతుంది. ఇల్లుగా ఉన్నప్పుడే తప్పింది. హాస్టలైన రోజున బరువు 0.75కు పెరిగింది, ఒత్తిడి 397 అయింది. భద్రత కలపకుండానే హద్దుకు దాదాపు రెట్టింపు. లోహాన్ని కొంచెం నమ్ముదామని, గొట్టం అడ్డుకోత మొత్తం లొంగేదాకా లాగి చూసినా అది మోయగలిగేది 0.6 కిలోన్యూటన్ మీటర్లు, కావలసింది 0.9. ఇక ఆ స్క్రూలు. రెండున్నర అంగుళాల దూరంలో ఉన్న బిగింపుల మీద ఇదే 0.9 పడితే ఒక పక్కన పైకి లాగే బలం టన్నున్నర వరకు వస్తుంది. గ్రానైటు పలకలో దిగిన వదులు స్క్రూ మీద టన్నున్నర!

ఇల్లు హాస్టలైంది. మంచాలు మారాయి, బోర్డు మారింది, అద్దె మారింది. చట్టం లెక్కలో రెయిలింగ్ మీది బరువు రెండింతలు దాటింది. గొట్టం మాత్రం అదే. ఆ మార్పు జరిగిన రోజున ఒక్క ఇంజనీరు వచ్చి ఆ గొట్టాన్ని ముట్టుకోలేదు. "పదేళ్ల నుంచి ఉంది, ఎవరూ పడలేదు కదా," అన్నాడు యజమాని నాతో. పదేళ్లలో ఒక్క రాత్రయినా ఆరుగురు కుర్రాళ్లు కింద ఏదో గొడవ చూడడానికి ఒకేసారి ఆ కమ్మీ మీద వాలి ఉండకపోవచ్చు. ఆ ఒక్క రాత్రి కోసమే కోడు రాస్తారు.

2025 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో, కార్తీక ఏకాదశి రద్దీలో, మెట్ల దగ్గరి రెయిలింగ్ విరిగి భక్తులు ఒకరి మీద ఒకరు పడ్డారని అధికారులు చెప్పారు. తొమ్మిది మంది పోయారు. ఆ రెయిలింగ్ ఏ లోహమైతేనేం? మీటరుకు 230 కిలోల నెట్టుడును తట్టుకోవాలని పుస్తకంలో దశాబ్దాలుగా రాసి ఉంది. ఆ అంకె పుస్తకం దాటి ఆ మెట్ల దాకా నడవలేదు. కోఠి నుంచి ట్రూప్ బజార్‌కు కూడా నడవలేదు.

ఇంతవరకు చెప్పింది అమలు లోపం. అసలు లోపం ఇంకా లోతున ఉంది, నన్ను ఎక్కువగా మండించేది అదే. ఒక నిజాయితీ గల ఇంజనీరు ముందుకొచ్చి, నేనీ సన్నని స్టెయిన్‌లెస్ గొట్టాలకు, పలుచని పెట్టె సెక్షన్లకు పద్ధతిగా డిజైన్ చేస్తానంటే, ఐఎస్ 800లో అతనికి చెయ్యందించే ఒక్క అధ్యాయం లేదు. అతను మామూలు ఉక్కు సూత్రాన్ని తెచ్చి స్టెయిన్‌లెస్‌కు తగిలిస్తాడు. ఆ సూత్రం దీనికి పుట్టలేదు.

ఎందుకో చెబుతాను. మామూలు ఉక్కును లాగితే ఒక హద్దు దాకా బిగువు ఏమాత్రం తగ్గదు, ఆ హద్దు దగ్గర ఒక్కసారిగా లొంగుతుంది. స్టెయిన్‌లెస్‌కు అలాంటి హద్దు లేదు. మొదటి నుంచీ మెల్లమెల్లగా లొంగుతూ పోతుంది. హద్దు లేదు కనుక, బరువు తీశాక 0.2 శాతం సాగుడు మిగిలిపోయే చోటును హద్దు అనుకుందామని ఇంజనీర్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. పైన చెప్పిన 205 అదే. అది ప్రకృతి గీసిన గీత కాదు, మనం గీసుకున్నది. ఆ వంపు తిరిగిన గీతకు ర్యాంబర్గ్, ఆస్‌గుడ్ అనే ఇద్దరు 1943లోనే సమీకరణం రాసిపెట్టారు.

చీపురు పుల్లను నేల మీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. అది నలగదు, పక్కకు వంగిపోతుంది. సన్నని స్తంభం ఓడిపోయేది అలాగే. దాన్ని నిలబెట్టేది బలం కన్నా బిగువు. 18వ శతాబ్దంలో ఆయిలర్ చెప్పింది ఇదే. లోహం లొంగుతూ ఉంటే ఆ క్షణానికి మిగిలిన బిగువునే లెక్కలోకి తీసుకోవాలని 1889లో ఎంగెసర్ చెప్పాడు. ఇప్పుడు ఆ 1943 సమీకరణంలో 304 రకానికి తగిన అంకెలు వేసి చూడండి. వంపు చెప్పే ఘాతాంకం 6 అనుకుంటే, హద్దులో సగం ఒత్తిడికే బిగువు నాలుగో వంతు పైగా పోయి ఉంటుంది. హద్దు దగ్గరికి వచ్చేసరికి మిగిలేది నూటికి ఎనిమిది పాళ్లు! మామూలు ఉక్కు అదే చోట దాదాపు నిండు బిగువుతో నిలబడుతుందన్న నమ్మకం మీద కట్టిన స్తంభాల సూత్రాన్ని దీనికి వాడడం ఎంతటి సాహసమో ఆ ఎనిమిది చెబుతుంది.

రెండో ప్రమాదం గోడ పలుచదనం. ఖాళీ పదిహేను కిలోల నూనె డబ్బా మీద నిలబడితే డబ్బా వంగేకన్నా ముందు దాని గోడ సొట్టపోతుంది. రెండంగుళాల చతురస్రపు గొట్టం, మిల్లీమీటరు మందం. డాబాల మీద పందిళ్లకు, గేట్లకు, షాపుల ముందు చూరులకు విరివిగా వాడేది ఇదే. దాని గోడ వెడల్పు మందానికి దాదాపు 47 రెట్లు. 304 రకానికి ఈ నిష్పత్తి సుమారు 38 దాటితే, గోడ మొత్తం పనిచేస్తుందని నమ్మకు, మూలల దగ్గరి ముక్కల్నే లెక్కపెట్టుకో అంటుంది యూరోకోడ్. కోర్నెల్‌లో జార్జ్ వింటర్ 1940ల్లో పరీక్షలు చేసి పలుచని ఉక్కుకు నిలబెట్టిన ఆలోచన ఇది. మన బజారులో మొత్తం గోడకూ డబ్బు కట్టి, మొత్తం గోడా మోస్తుందనుకుని బిగిస్తున్నాం.

ఇంకో వైపు కూడా చూడాలి, లేకపోతే నేను ఈ లోహానికి శత్రువునని అనుకుంటారు. మందపు గోడల సెక్షన్లకు పాత పద్ధతి ఉల్టా అన్యాయం చేస్తుంది. స్టెయిన్‌లెస్ సాగేకొద్దీ గట్టిపడుతుంది. 205 దగ్గర గీత గీసి ఆపేస్తే ఆ గట్టిదనమంతా వృథా. లండన్ ఇంపీరియల్ కాలేజీలో లెరోయ్ గార్డ్‌నర్, ఆయన సహచరులు దీన్నే పట్టుకుని కంటిన్యువస్ స్ట్రెంగ్త్ మెథడ్ అనే పద్ధతిని నిర్మించారు. సెక్షన్ ఎంత పలుచనిదో చూసి, సొట్టపోయేలోపు అది ఎంత సాగగలదో లెక్కించి, అంత సాగుడుకు లోహం ఇచ్చే బలాన్ని తీసుకుంటారు. అమెరికాలో షేఫర్, పెకోజ్ మరో దారి వేశారు. ముక్కలు ముక్కలుగా గోడల్ని లెక్కపెట్టకుండా సెక్షన్ మొత్తం ఎలా వంగుతుందో ఒకేసారి చూసే డైరెక్ట్ స్ట్రెంగ్త్ మెథడ్ అది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను షేఫర్ బృందం ఉచితంగానే ఇస్తోంది. అశోక్ నగర్ హాస్టల్ వైఫైలో దించుకోవచ్చు.

అంటే తప్పు పద్ధతి వాడి మనం రెండు విధాలా నష్టపోతున్నాం. లావు సెక్షన్‌లో లోహాన్ని పారబోస్తున్నాం, సన్న సెక్షన్‌లో మనుషుల్ని పారబోస్తున్నాం.

లోకం ఊరుకుని లేదు. అమెరికా 1968లోనే వేడి చేయకుండా మడిచిన (కోల్డ్ ఫామ్డ్) స్టెయిన్‌లెస్ సెక్షన్లకు డిజైన్ నిబంధనలు తెచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 2001లో, యూరప్ 2006లో తమ కోడ్లు ఇచ్చాయి. 2021లో అమెరికా నుంచే ఏఐఎస్‌సీ 370 వచ్చింది, పూర్తిగా స్టెయిన్‌లెస్ నిర్మాణాల కోసం. మనం స్టెయిన్‌లెస్ తయారీలో ప్రపంచంలో ముందు వరస దేశం. కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధానిలో రాకెట్లకు, రక్షణకు కావలసిన ప్రత్యేక ఉక్కులు పోతపోసే నగరం మనది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో పలుచని కోల్డ్ ఫామ్డ్ సెక్షన్ల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. లోహం మనది, బుర్రలు మనవి, కొలిమి మనది. మన పిల్లవాడు వాలే గొట్టానికి మాత్రం మన పేజీ లేదు.

ఎవరో అంటారు, చిన్న రెయిలింగ్‌కు ఇంత శాస్త్రమా అని. నారాయణగూడ మెట్రో స్టేషన్ 2020 ఫిబ్రవరిలో తెరిచారు. దాని ప్రతి స్తంభానికి, ప్రతి బోల్టుకు లెక్క ఉంది, ఆ లెక్కను తనిఖీ చేసినవాళ్లున్నారు. ఎదురు సందులోని హాస్టల్ బాల్కనీ మీద కూడా అదే నగరపు మనిషే నిలబడతాడు. పునాదికి, దూలానికి సంతకం అడుగుతాం. రెయిలింగ్ మాత్రం రంగులు, టైల్సు, కర్టెన్ల బిల్లులో కలిసిపోతుంది. రన్నింగ్ ఫుట్‌కు ఇంత అని బేరమాడి తెచ్చుకుంటాం. రేటు తగ్గించమంటే గేజ్ తగ్గుతుంది, 304 అడిగితే చౌకైన 202 రకం వస్తుంది. అయస్కాంతం పెట్టి చూసి అసలుదేనని మురిసిపోతాం. రెండూ అయస్కాంతానికి అంటవని ఆ కొనేవాడికి ఎవరు చెప్పారు?

వెల్డింగ్ చేసే కుర్రాళ్ల మీద మాత్రం పడొద్దు. ఎండలో డాబా అంచున కూర్చుని ఆర్గాన్ వెల్డింగ్ పెట్టి, అతుకు కనిపించకుండా బఫింగ్ చేసి అద్దంలా తెస్తారు. చేతిలో డ్రాయింగ్ పెడితే డ్రాయింగ్ ప్రకారం చేసే చేతులవి. ఆ డ్రాయింగ్ గీయాల్సింది నాలాంటి వాళ్లు. మేమే గీయలేదు.

నేను అడిగేది ఆకాశంలో చుక్కల్ని కాదు. స్టెయిన్‌లెస్ సన్న సెక్షన్లకు మన పరీక్షల మీద, మన బజారులో దొరికే గేజ్‌ల మీద, మనం ఎక్కువగా వాడే 202 లాంటి రకాల మీద నిలబడే కోడు కావాలి. బీఐఎస్ తేవాలి, త్వరగా తేవాలి. అది వచ్చేదాకా యూరోకోడో, ఏఐఎస్‌సీ 370నో వాడమని ఒక్క ఉత్తరువు చాలు. ఇల్లు హాస్టల్‌గా, కోచింగ్ సెంటర్‌గా మారే రోజున రెయిలింగ్‌కు, మెట్ల కమ్మీకి ఇంజనీరు సంతకంతో ఒక పేజీ లెక్క లేకుండా లైసెన్సు ఇవ్వకూడదు. ఒక్క పేజీ. కుర్రవాడు పది నిమిషాల్లో రాసినంత. కాలేజీల్లో ఉక్కు డిజైన్ చెప్పే అధ్యాపకులకూ ఒక విన్నపం. ఐఎస్ 800లో స్తంభాలకిచ్చిన నాలుగు వంపు గీతలకు 0.21, 0.34, 0.49, 0.76 అని అంకెలు బట్టీ పట్టిస్తున్నారు, ఎంసీక్యూలో వస్తాయని. ఆ అంకెలు ఏ లోహం మీద పరీక్షించి తెచ్చారో, ఏ లోహానికి చెల్లవో కూడా అదే క్లాసులో చెప్పండి. క్లాసు కిటికీకి ఉన్న కమ్మీతోనే మొదలుపెట్టండి.

కుర్రవాడు లెక్క ముగించి 397 కింద రెండు గీతలు గీశాడు. కాసేపు కాగితం వంక, కాసేపు రెయిలింగ్ వంక చూశాడు.

"అంకుల్, ఇది ఎవరికి ఇవ్వాలి?"

యజమానికి ఒక ప్రతి ఇచ్చాం. ఇంకో ప్రతి నా దగ్గరుంది, దాన్ని తీసుకునే కిటికీ కోసం ఇప్పటికి రెండు ఆఫీసులు తిరిగాను, ఇంకా తిరుగుతాను. ఆ సాయంత్రమే కుర్రవాడు, అతని గదిలోని మిగతా ఇద్దరూ చదువుకునే బల్లను జరిపి బాల్కనీ తలుపుకు అడ్డంగా పెట్టుకున్నారు. తడి బట్టలు ఇప్పుడు డాబా మీద, పిట్టగోడకు మూడడుగుల లోపల తాడు కట్టి ఆరేస్తున్నారు.